ఎనిమిది నిమ్మకాయలు

పాత కార్ల ప్రదర్శనకు వచ్చినవాళ్లందరికీ గేటు దగ్గరే ఒక రంగు కాగితం చేతిలో పెట్టారు. ఎండ ముదరకముందే వచ్చి చూడండి. యజమానిని అడగకుండా బండిని ముట్టుకోకండి, ఆనుకుని ఫోటోలు దిగకండి. బెల్టు బకిల్సూ, బ్యాగు జిప్పులూ, చేతి ఉంగరాలూ రంగు మీద గీతలు పెడతాయి కాబట్టి జానెడు దూరంలో ఉండండి. యజమానులను పలకరించండి, తమ బండి కథ సంతోషంగా చెబుతారు. జడ్జీలు బండి కింద దూరి పరీక్షిస్తున్నప్పుడు అడ్డం రాకండి. ఒకటా రెండా, పద్నాలుగు జాగ్రత్తలు, అన్నీ బండికి దెబ్బ తగలకుండా ఉండటానికే. మనిషికి దెబ్బ తగిలితే ఏం చేయాలో అందులో ఒక్క ముక్క లేదు.

వినోద ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో కుక్కింది. టైము పన్నెండూ పది. సరిగ్గా గంట కిందట, పదకొండూ పదికి, శామీర్‌పేటలోని ఈ రిసార్టు లాన్‌లో పదిహేడో నంబరు బండి ఒక మనిషి మీదికి ఎక్కింది. ఆ మనిషి పేరు రాజారావు. రిటైరైన ఇంజనీరు, ఈ పోటీకి వచ్చిన జడ్జీల్లో ఒకరు. ఆయన బండి కింద పడుకుని ఉండగా అది ముందుకు జారి, ఆయన మీదుగా ఆరడుగులు వెళ్లి, గ్రానైటు బెంచీకి కొట్టుకుని ఆగింది. స్పృహ తప్పిన ఆయన్ను బండి యజమాని మనుషులు కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు.

బండి ఎందుకు కదిలిందో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకునే ఓపిక ఇన్‌స్పెక్టర్ దేవేందర్‌కు లేదు. వచ్చిన పది నిమిషాల్లోనే మెకానిక్ సిద్దిరాములును టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన కానిస్టేబుల్‌ను నిలబెట్టి, చక్రాలకు అడ్డం పెట్టకపోవడం వల్ల జరిగిన ప్రమాదమని రాసేసుకున్నాడు. మూడింటికి బహుమతులు ఇవ్వడానికి పెద్దమనుషులు వస్తున్నారు, ఈలోగా నేల శుభ్రంగా ఉండాలి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, అరవై నాలుగేళ్ల ముసలాయన మీద పడింది.

వినోద పదేళ్లు బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి, ఆ కుర్చీ గిట్టక బయటికొచ్చి, అల్వాల్‌లో ఒక టిఫిన్ సెంటరు మీది గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. సిద్దిరాములు షెడ్డు వాళ్ల వీధి చివరే. ఆమె స్కూటర్‌ను ఆయనే చూస్తాడు. నిన్న ఫోన్ చేసి, నేను చేసిన బండి పోటీకి పోతోంది, ఒకసారి వచ్చి చూడమ్మా అని చిన్నపిల్లాడిలా బతిమాలాడు. అందుకే వచ్చింది. వచ్చి చూస్తే ఆ మీగడ రంగు 1948 ఆస్టిన్ ముందు నిలబెట్టిన ఇత్తడి బోర్డు మీద యజమాని ప్రతాప్, అత్వెల్లి అని ఉంది. దాని కింద, పునర్నిర్మాణం కూడా ప్రతాప్ అనే ఉంది. పదకొండు నెలలు ఆ బండి కింద పడుకుని లేచిన వాడి పేరు ఎక్కడా లేదు. ప్రమాదం జరగకముందే ఆమె ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ మంట నెత్తికెక్కింది. మంచి పేరు రాసుకోవడానికి యజమాని, తప్పు మోయడానికి మెకానిక్. ఇదెక్కడి న్యాయం?

కానిస్టేబుల్‌ను లెక్క చేయకుండా ఆమె ఇంకో కుర్చీ లాక్కుని సిద్దిరాములు ఎదురుగా కూర్చుంది. ఆయన గోళ్ల సందుల్లో ఇంకా పాలిష్ తెల్లగా ఉంది.

"హ్యాండ్‌బ్రేకు గుంజినవా, రాములన్నా?"

"గుంజిన."

"గేరు?"

"రివర్స్‌ల వెట్టిన. బండి ముక్కు చెరువు దిక్కుకు వంగి ఉన్నది గదా. రివర్స్‌ల ఉంటే ముందటికి జారది."

"చక్రాలకు అడ్డం?"

"రెండు తుమ్మ దిమ్మలు. నా చేతులతోని జెక్కిన. ముందటి చక్రాలకు ఆనిచ్చి సుత్తెతోని రెండు దెబ్బలు గొట్టిన. నలభై ఐదేండ్ల నుంచి చేస్తున్న పని వినోదమ్మా. నేను దిమ్మ మరిచిపోతనా? అన్నం తినుడు మరిచిపోతగని."

మిగతాది ఆమె ఒక్కొక్క గంట చొప్పున రాబట్టింది. బండి పనంతా అయ్యాక పది రోజుల కిందట దాన్ని అత్వెల్లిలో ప్రతాప్ ఇంట్లో అప్పజెప్పాడు. నిన్న సాయంత్రం ఐదింటికి ప్రతాప్ మనుషులు దాన్ని ఇక్కడికి తెస్తే, లాన్‌లో నిలబెట్టి దిమ్మలు పెట్టింది సిద్దిరాములే. రాత్రి కాపలావాళ్లున్నారు. ఈరోజు పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా బండి తుడుస్తూ దాని పక్కనే ఉన్నాడు. పదింటికి ప్రతాప్ బామ్మర్ది ప్రణయ్ వచ్చి, గ్రీజు బట్టలతో ఉంటే ఫోటోలు పాడవుతాయి, డ్రైవర్లు ఉండే దిక్కు పొమ్మన్నాడు. అక్కడే ఉప్మా తిని కూర్చున్నాడు. పదకొండింటికి పెద్ద అతిథి రావడం, డప్పులు మోగడం, జనమంతా గేటు వైపు ఉరకడం జరిగింది. తర్వాత అరుపులు వినబడి పరుగెత్తుకొస్తే బండి బెంచీకి ఆని ఉంది.

"పదింటి లోపల ఎవలన్న జడ్జి నీ బండి కాడికి వచ్చిండా? సోంచాయించి చెప్పు."

"ఒక్కలు రాలే. ఆరింటి నుంచి నేను ఇడిసిపెట్టి కదల్లే. మూత్రానికి సుత పోలే."

ఆమె లేచి తాడు దాటి లాన్‌లోకి నడిచింది. ప్రమాదం జరిగి గంట దాటినా అక్కడ పోలీసు టేపు లేదు. ఇద్దరు కుర్రవాళ్లు బెంచీ మీద కాలు పెట్టి, వెనక ఆ బండి పడేలా సెల్ఫీ దిగుతున్నారు. రక్తం పడ్డ గడ్డి మీద ఎవరో పాత అట్టపెట్టె చింపి కప్పారు. వినోద ఒక్క కేక వేస్తే కుర్రవాళ్లు జారుకున్నారు. ఆ కేకకే దేవేందర్ కూడా వచ్చాడు.

ఆయనకూ ఆమెకూ పాత పేచీ ఉంది. రెండేళ్ల కిందట బౌరంపేట్‌లో ఒక విల్లా దొంగతనంలో ఆయన పనిమనిషిని లోపలేస్తే, ఆమె అసలు దొంగను పట్టుకొచ్చి ఆయన టేబుల్ ముందు నిలబెట్టింది. అప్పటి నుంచి ఆమె ముఖం కనబడితే చాలు, పచ్చిమిరపకాయ కొరికినట్టు అవుతాడు.

"ఏ హక్కుతోని తాడు దాటినవ్ మేడం?"

"గీ తాడు కార్లోళ్లు కట్టింది సార్. మీరు కట్టాల్సిన టేపు యాడున్నదో చెప్పుండ్రి, దాన్ని దాటను."

పక్కనున్న నలుగురైదుగురు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. దేవేందర్ వాళ్లను చూసి, గొంతు తగ్గించి, చూసేదేదో జల్దీ చూసి వెళ్లమన్నాడు. అంతకన్నా ఆమెకు కావలసింది లేదు.

మొదట నేల చూసింది. తెల్లవారుజామున నీళ్లు పెట్టిన లాన్ అది, పైన ఎండినా లోపల మెత్తగానే ఉంది. బండి ఇంతకుముందు నిలబడిన చోట, ముందు చక్రాలు ఉండిన జాగాకు సరిగ్గా ముందర, రెండు గుంటలు కనబడ్డాయి. జానెడు పొడవు, అరచేయంత వెడల్పు, వేలెడు లోతు. అంచులు కత్తితో కోసినట్టు తిన్నగా ఉన్నాయి. దిమ్మలు అక్కడే ఉండేవి, బండి బరువంతా వాటి మీదే ఆగి ఉండేది. బండి వాటిని ఎక్కి దూకి ఉంటే గడ్డి చీరుకుపోయేది, దిమ్మలు అక్కడే ఎక్కడో దొర్లి ఉండేవి. దిమ్మలు లేవు. బెంచీ కింద లేవు, పొదల్లో లేవు, పక్క బండ్ల కింద లేవు.

తర్వాత చేతికి రుమాలు చుట్టుకుని బండి తలుపు తీసింది. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది.

"చూసినవా?" అన్నాడు దేవేందర్, గెలిచినట్టు. "బ్రేకు లేదు, గేరు లేదు. నేను చెప్పింది గదే. మరిచిపోయిండు."

"ఒకటి మరిచిపోతే మరుపంటం సార్. బ్రేకు, గేరు, రెండు దిమ్మలు, అన్నీ ఒక్కసారే మరిచిపోతే బండి నిన్న సాయంత్రమే చెరువుల వడుండాలె. రాత్రంతా నిలబడి, పొద్దంతా నిలబడి, కింద మనిషి పండుకున్నంకనే దానికి నడవాలనిపించిందా?"

దేవేందర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

రాజారావు సామాను బండి వెనక గడ్డిలో చెల్లాచెదురుగా పడి ఉంది. చిన్న టార్చి, కళ్లద్దాల డబ్బా, మెత్తటి పెన్సిలు, క్లిప్ పెట్టిన అట్ట. గంట నుంచి అవి అక్కడే ఉన్నాయి, ఒక్క పోలీసు చేయి వాటి మీద పడలేదు. వినోద మోకాళ్ల మీద కూర్చుని ఆ అట్ట చూసింది. పైనున్న కాగితం పదిహేడో నంబరు బండిది. మార్కులు వేసే గళ్లన్నీ ఖాళీ. ఒక్క చోట మాత్రం సన్నటి కాగితం ముక్క అతికించి ఉంది. దాని మీద పెన్సిలు నలుపులో తెల్లగా తేలిన అంకెలు. పక్కన రాజారావు గుండ్రటి చేతిరాత: చాసిస్ ముద్ర తీసుకున్నాను, ఉదయం 9.40.

ఈ ముద్రల సంగతి ఆమెకు కొట్టిన పిండి. బండి ఇనుప చట్రం మీద పొడిచిన నంబరుపై సన్నటి కాగితం ఆనించి, పెన్సిలుతో పడుకోబెట్టి రుద్దితే, అంకెలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కుతాయి. పాత ఆఫీసులో పదేళ్ల పాటు రోజుకు వంద ఫైళ్లలో అలాంటి ముక్కలను చూసింది. కళ్లు మూసుకున్నా అవే కనబడేవి. పాతకాలంలో ఒక్కొక్క అంకెనూ అచ్చు పెట్టి సుత్తితో చేత్తో కొట్టేవారు. ఒకటి లోతుగా దిగుతుంది, ఒకటి పక్కకు వాలుతుంది. ఇద్దరి వేలిముద్రలు ఒకటి కానట్టే, చేత్తో కొట్టిన రెండు నంబర్లు ఎన్నడూ ఒకటి కావు.

ఆమెను నిలబెట్టింది ముద్ర కాదు, దాని పక్కనున్న టైము. తొమ్మిదీ నలభైకే ముద్ర తీసుకున్న మనిషి పదకొండూ పదికి మళ్లీ అదే బండి కింద ఎందుకు పడుకున్నాడు? తొమ్మిదీ నలభైకి ఈ బండి దగ్గరికి జడ్జి ఎవరూ రాలేదని సిద్దిరాములు చెప్పాడు. సిద్దిరాములు అబద్ధమాడి ఉండాలి, లేదా రాజారావు ముద్ర తీసింది ఈ బండి నుంచి కాకపోయి ఉండాలి.

ఆమె కొంగు బొడ్లో దోపి గడ్డి మీద వెల్లకిలా పడుకుంది. బండి ఇప్పుడు బెంచీకి ఆని ఉన్నా, వెనక చక్రాల కింద రెండు ఇటుకలు పెట్టించుకుని మరీ దూరింది. నలభై ఆరేళ్ల ఆడమనిషి బండి కింద దూరడం చూసి ఎవరో నవ్వారు. దేవేందర్ నవ్వలేదు కానీ, ఇంటికాడ పని లేనట్టున్నది అని కానిస్టేబుల్‌తో అన్నాడు. కింది నుంచి ఆమెకు ఆ మాట స్పష్టంగా వినబడింది. హ్యాండ్‌బ్యాగులో ఉన్న బస్సు టికెట్టు వెనక్కి తిప్పి నంబరు మీద ఆనించి, రాజారావు పెన్సిలుతోనే రుద్దింది. బయటికొచ్చి, దుమ్ము దులుపుకోకుండానే, రెండు ముద్రలను ఆయన ముందు పక్కపక్కన పట్టుకుంది.

అంకెలు అవే. ఆరు అంకెలు, అదే వరుస. కానీ రాజారావు ముద్రలో నాలుగు అంకె నిటారుగా ఉంది. ఆమె ముద్రలో అది ఎడమకు వాలింది. రాజారావు దాంట్లో చివరి రెండు అంకెల మధ్య వేలు దూరేంత సందుంది, ఆమె దాంట్లో అవి ఒకదానికొకటి తగులుతున్నాయి.

"పెన్సిలు గట్టిగ వత్తినవేమో," అన్నాడు దేవేందర్.

"వత్తితే నలుపు పెరుగుతది సార్, అంకె పక్కకు జరగది. గిదే నంబరు కొట్టిన ఇంకో బండి ఉన్నది. తొమ్మిదీ నలభైకి రాజారావు సారు జూసింది దాన్ని. పదకొండింటికి దీని కింద వండుకున్నప్పుడు తేడా దొరికింది. ఆ తేడా బయటికి రావద్దనుకున్నోళ్లే దిమ్మలు గుంజిండ్రు."

"కథలు వద్దు. గా రెండో బండి చూపెట్టు."

అది న్యాయమైన మాటే. ఆమె దగ్గర రెండు కాగితం ముక్కలు తప్ప ఏమీ లేదు.

అప్పుడే ప్రతాప్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, ముఖంలో ఎన్నికల నాటి నవ్వు. అత్వెల్లిలో తాతల నాటి భూములు, వాటి మీద వేసిన వెంచర్లు, వాటితో వచ్చిన పలుకుబడి, వీటన్నిటి మీదా ఇప్పుడీ పాత కార్ల సరదా. ఈ ప్రదర్శన పెట్టించింది ఆయనే. బండి బొంబాయి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి ఇష్టమైందనీ, బహుమతి ప్రకటించగానే ఈ సాయంత్రమే అప్పజెప్పాలనీ పొద్దున మైకులో చెప్పింది కూడా ఆయనే. ఆ మాట గుర్తొచ్చి వినోదకు లెక్క తేలిపోయింది. జడ్జీలకు అసలుది చూపించి సర్టిఫికెట్టు పుచ్చుకుంటారు. కొన్నవాడికి నకలుది అంటగడతారు.

ప్రతాప్ ఆమె మాటలన్నీ శాంతంగా విని, తొమ్మిదీ నలభైకి రాజారావు సారు ఇదే బండి దగ్గరికి వచ్చాడు, నేను పక్కనే ఉన్నాను అన్నాడు. సిద్దిరాములు తప్పించుకోవడానికి అబద్ధం చెబుతున్నాడనీ, పాపం పెద్దాయన కాబట్టి తాను కేసు గట్టిగా పెట్టొద్దనే చెబుతాననీ అన్నాడు. ఆ దయకు వినోద పళ్లు నూరింది. కింద పడ్డవాడి వీపు మీద నిలబడి, లేవడానికి చెయ్యిస్తాననే రకం.

"మీకు గీ బండ్ల సంగతి తెల్వది మేడం," అన్నాడు ప్రతాప్ చివరికి. "అల్వాల్ల మీ ఆఫీసుకు లైసెన్సు ఉన్నదా, లేదా? రేపు ఎవలన్న అడుగుతే పరేషాన్ అయితరు."

"అడగనియ్యి. గంతకన్నా ముందు నేను అడుగుత. పొద్దున సిద్దిరాములును ఇక్కడి నుంచి వెళ్లగొట్టింది ఎవలు, ఎందుకు?"

ఆయన జవాబిచ్చేలోగా వెనక నుంచి ఒక ముసలావిడ కర్ర పట్టుకుని వచ్చింది. ప్రతాప్ తల్లి సత్యమ్మ. అంచు చీర, నుదుటి మీద విబూది, డెబ్బై దాటినా వంగని నడుము. పొద్దుటి నుంచి గొడుగు కింద కూర్చుని ఈ గొడవంతా చూసి చూసి ఇక ఆగలేకపోయింది. మంచి రోజున ఇలా అయిందేమిటని ఆమె బాధ.

"నేనేం తక్వ జేసిన కొడుకా," అంది ఆమె బండి వైపు చూస్తూ. "నిన్న పొద్దుగాల ఇంటికాడ పసుపు వెట్టిన, గుమ్మడికాయ గొట్టిన. ఎన్మిది నిమ్మకాయలు చక్రాల కింద వెట్టి దొక్కిచ్చిన. అయినా గిట్లనే అయిపాయె."

వినోద తల తిప్పింది. బండికి నాలుగు చక్రాలు. చక్రానికి ఒక నిమ్మకాయ.

"ఎన్మిదా, పెద్దమ్మా?"

సత్యమ్మ నోరు తెరిచేలోపు ప్రతాప్ నవ్వేశాడు. అది అతను ఆ రోజు చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు.

"మా అమ్మకు యాదికుండది మేడం. మతి తప్పింది. ఏదేదో అంటది, వట్టించుకోకుండ్రి."

నలుగురిలో, ఫోన్లు పట్టుకున్న పరాయివాళ్ల ముందు, కన్నకొడుకు అన్న మాట అది. సత్యమ్మ ముఖం ఎర్రబడింది. మొగుడు పోయాక ఇరవై ఏళ్లు సాగు చేయించి, కాగితం లేకుండా అన్ని గట్ల హద్దులూ నోటితో చెప్పిన మనిషి ఆమె.

"నాకు మతి తప్పిందారా? నీ వెంచరుకు హద్దురాళ్లు యాడున్నయో తెల్వక నువ్వు ఎతుక్కుంటుంటే, సర్వేయర్ను ఎంబడి తోల్కపోయి చూపెట్టింది ఎవలు? నాలుగు గీ బండికి, నాలుగు గసొంటిదే రెండో బండికి. దానికి వద్దమ్మా అని నువ్వంటివి. ఒకదానికి చేసి ఒకదానికి చెయ్యకుంటే, చెయ్యని దానికి దిష్టి తగులుతదని నేనే పట్టువట్టిన. చేసిన్నా లేదా? చెప్పు, గీ పోలీసాయన ముంగట చెప్పు."

ప్రతాప్ లోకం కళ్లుగప్పి దాచిన బండిని కన్నతల్లి పూజ నుంచి మాత్రం దాచలేకపోయాడు. దేవేందర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. వినోద ఆయన వైపు చూడలేదు. గెలిచానని సంతోషపడే తీరిక ఆమెకు లేదు, ఎందుకంటే తర్వాతి ప్రశ్న ఆమెకు అప్పటికే భయం పుట్టించింది.

"గా రెండో బండి ఇప్పుడు యాడున్నది, పెద్దమ్మా?"

"ఎన్క షెడ్డుల వెట్టిండ్రు. పొద్దుగాల గా కండ్లద్దాల సారు దారి తప్పి అటే వోతే నేనే తలుపు తీసి చూపెట్టిన. దెబ్బ తాకినంక గా సారును దాంట్లనే ఏసుకుని ఎన్క గేటు నుంచి ప్రణయ్ దవాఖానకు తీస్కపోయిండు."

అంటే ఎవరికీ కనబడకూడని బండీ, దాన్ని చూసిన మనిషీ ఒకేసారి ఇక్కడి నుంచి మాయమయ్యారు. వినోద దేవేందర్ ముందుకు ఒక అడుగు వేసింది.

"ఏ దవాఖాన సార్?"

"మేడ్చల్ల," అన్నాడు దేవేందర్. "ప్రతాపన్న చెప్పిండు. ఇంకా హోష్ రాలేదని సుత ఆయననే చెప్పిండు."

"మీరు పోలే. కానిస్టేబుల్‌ను పంపలే. ఒక్క ఫోన్ సుత చెయ్యలే. గంటన్నర నుంచి గా ముసలాయన మీద కాపలా పెట్టిండ్రు గని, చావుబతుకుల ఉన్న మనిషి మీద ఒక్కన్ని పెట్టలే. మీకు జీతం ఇచ్చేది ఎవలు సార్, సర్కారా, ప్రతాపన్ననా?"

దేవేందర్ కోపంగా నోరు తెరిచి, దాన్ని మూసుకుని ఫోన్ తీశాడు. అంతకన్నా పరువైన పని ఆయన ఆ రోజు చేయలేదు. మేడ్చల్‌లో ఒక ఆసుపత్రికి చేశాడు. కాళ్లు నుజ్జయిన కేసు ఏదీ రాలేదన్నారు. రెండో దానికి చేశాడు, అక్కడా లేదు. మూడో దాంట్లోనూ అదే మాట. ఈలోగా కానిస్టేబుల్ ఎవరూ చెప్పకుండానే సిద్దిరాములు పక్క నుంచి వచ్చి ప్రతాప్ వెనక నిలబడ్డాడు. ప్రతాప్ తన లాయరుతో మాట్లాడాలని మాత్రం అన్నాడు. బండి ఎక్కడుందో చెప్పమంటే పెదవులు బిగించుకున్నాడు.

టైము ఒంటి గంటా ఐదు. ప్రతాప్ ఎడమ చేతిలోని ఫోన్ మోగింది. అతను కట్ చేయబోతే వినోద మణికట్టు పట్టుకుంది, దేవేందర్ ఫోన్ లాక్కున్నాడు. తెర మీద జేసీబీ లింగస్వామి అని ఉంది. దేవేందర్ స్పీకర్ నొక్కాడు.

మొదట మిషను రొద, తర్వాత ఆ రొదలో అరుస్తున్న గొంతు.

"అన్నా, పెద్దబాయి కాడున్న. రెండింటికి ముహూర్తమంటివి గని, ప్రణయన్న ఇప్పుడే మన్ను పొయ్యమంటుండు. బాయిల పాత కారు వడున్నదన్నా. గది తుక్కు, దాని మీదనే పొయ్యి అంటుండు. కని లోపటి నుంచి హారన్ మోగుతాంది. పొయ్యమంటవా, ఆగమంటవా?"

సత్యమ్మ చేతిలో కర్ర జారి గడ్డిలో పడింది. పెద్దబాయి వాళ్ల అత్వెల్లి పొలంలోని బావి, ఎనిమిదేళ్ల నుంచి ఎండిపోయింది. వెంచరు కోసం ఈరోజు పూడ్చడానికి ముహూర్తం పెట్టుకున్నారు.

"ఆపు. నేను ఇన్‌స్పెక్టర్ను మాట్లాడుతున్న," అన్నాడు దేవేందర్.

అవతల గొంతు అనుమానంగా మారింది. నువ్వెవరో నాకు తెలియదు, అన్నకివ్వు ఫోన్ అంది. దాని వెనక ఇంకో గొంతు, ఏం చూస్తున్నవ్, పొయ్యి అని కసురుతోంది. దేవేందర్ ఫోన్‌ను ప్రతాప్ నోటి దగ్గర పెట్టాడు. ఒక్క మాట, ఆపు అనే రెండక్షరాల మాట. ప్రతాప్ చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. నోరు విప్పలేదు. మిషను గేరు మారిన చప్పుడు అందరికీ వినబడింది.

వినోద ఫోన్ గుంజుకుని సత్యమ్మ ముందు పట్టుకుంది. ఏం చెప్పాలో చెప్పలేదు. ఏ తల్లికైనా ఆ మాట చెప్పే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. సత్యమ్మ కొడుకు ముఖం చూసింది. అతను అప్పుడు తల్లి వైపు తిరిగి, వద్దన్నట్టు మెల్లగా తల ఊపాడు. ఆ ఊపు చూశాకే ఆమెకు అంతా అర్థమైంది. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"ఎవలు, లింగస్వామా? నేను సత్యమ్మను. బాయి నాది, భూమి నాది. దాంట్ల ఒక్క తట్ట మన్ను వడ్డదంటే నా ఉసురు నీకు తగులుతది. మిషను బంజెయ్యి. దిగి లోపల మనిషిని జూడు."

"అవ్వా, ప్రణయన్న మరి..."

"వాన్ని నేను జూసుకుంట. బంజెయ్యి."

మిషను రొద ఆగింది. లాన్‌లో జనం, ఇన్‌స్పెక్టరు, కుర్చీలోంచి లేచొచ్చిన సిద్దిరాములు, అందరూ ఆ చిన్న ఫోన్ మీదికి వంగి చెవులు రిక్కించారు. వినోద పెదవుల కింద అంకెలు లెక్కపెట్టుకుంది. పది, ఇరవై, ముప్పై. అవతల ఎక్కడో ఎవరో పరుగెత్తుతున్న అడుగులు, దూరంగా ఒక పిట్ట కూత. అంతే.

"లింగస్వామీ," అంది సత్యమ్మ. "హారన్ వినవస్తలేదేందిరా?"

"గదే చూస్తున్న అవ్వా," అన్నాడతను. "జెరసేపటి కింద మోగింది. ఇప్పుడు మోగుతలేదు."